తోడిన కొద్దీ ఊరు చెలమ: బాలింత పాలు, ఇంటివారి బాధ్యత

"పాలు పడలేదు సామీ. ఏమన్నా లేహ్యం ఉంటే ఇయ్యండి."

నలుబది సంవత్సరములుగా అనంతపురము సీమలో వైద్యము చేయుచున్న నేను బాలింతలున్న ఇండ్లలో మిక్కిలి తరచుగా వినిన మాట ఇదియే. ఈ మాట చెప్పునది సాధారణముగా బాలింత కాదు. అత్తగారో, తల్లిగారో, గుమ్మము వద్ద నిలిచిన భర్తయో చెప్పుదురు. లోపలి గదిలో ఆ తల్లి తల వంచుకొని ఒడిలోని బిడ్డను చూచుచుండును. తాను చేయని తప్పునకు సిగ్గుపడుచున్న ఆ తల్లి కొరకును, ఆమె చుట్టునున్న పెద్దల కొరకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మనది వాన తక్కువ నేల. సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియును. బావులు ఇంకిపోవుట, బోర్లు ఎండిపోవుట చూచి చూచి, ఏదైనను వాడిన కొద్దీ తరిగిపోవునను భయము మన మనసులలో పాతుకొనిపోయినది. బోరుబావి విషయములో ఆ భయము నిజమే. చనుబాల విషయములో మాత్రము కాదు. తల్లి రొమ్ము బోరు కాదు, చెలమ. పెన్న, చిత్రావతి, హగరి ఇసుకలో చెలమ త్రవ్వినవారికి దాని స్వభావము తెలియును. తోడిన కొద్దీ ఊట వచ్చును. తోడక విడిచిన ఇసుక జారి పూడిపోవును. ఈ ఒక్క సంగతి ఇంటిల్లిపాదికి తెలిసిన, "పాలు లేవు" అను ఇండ్లలో చాలవాటికి లేహ్యముతో పనియే ఉండదు.

నాకు తెలివి నేర్పిన మంత్రసాని

ఈ చెలమ పోలిక నాది కాదు. ఒక మంత్రసాని చెప్పినది. 1980ల నడిమి కరవు కాలమది. గురుకుల విద్య ముగించుకొని వచ్చి కొద్ది కాలమైనది. కళ్యాణదుర్గము వైపు ఒక పల్లె నుండి పిలుపు వచ్చినది. తొలిచూలు బాలింత, బిడ్డకు పదునెనిమిది దినములు. పురుషుడనగుటచే నేను గుమ్మము బయటనే కూర్చుండి, బాలింత నాడి చూచి, శతావరి చూర్ణము పొట్లములు కట్టి ఇచ్చి, పథ్యము చెప్పి, గర్వముగా ఇల్లు చేరితిని.

రెండు వారముల తరువాత మరల కబురు వచ్చినది. వెళ్లి చూడగా బిడ్డ తొడల చర్మము ముడుతలు పడియున్నది. ఏడ్చుటకు సైతము ఓపిక లేదు. ప్రక్క వీధి మంత్రసాని, డెబ్బది ఏండ్ల ముదుసలి, అప్పటికే అక్కడ కూర్చుండియున్నది. నన్ను చూచి ఒక్క ప్రశ్న అడిగినది.

"అయ్యోరూ, బిడ్డ పాలు తాగేది మీరు చూసినారా?"

చూడలేదు. కనీసము అడుగనైనను లేదు.

"మొన ఒకటే చప్పరిస్తాంది బిడ్డ. తోడేవాళ్లు సరిగా తోడకుంటే చెలమలో ఊట ఎట్లొస్తాది? మీ పొడి ఏం జేస్తాది?"

ఆమె ఆ తల్లిని గోడకు ఆనించి కూర్చుండబెట్టినది. బిడ్డ పొట్టను తల్లి పొట్టకు ఆనించి, నోరు పెద్దదిగా తెరచు వరకు ఆగి, ఒక్క ఉదుటున రొమ్మునకు చేర్చినది. బిడ్డ త్రాగి విడిచిన తరువాత మిగిలిన పాలను చేతితో పిండి ఉగ్గుగిన్నెతో పట్టినది. పగలు రెండు గంటల కొకసారి, రాత్రి లేపి మరీ ఇట్లే చేయించినది. మూడవ దినమున బిడ్డ గుటక వేయుచున్న చప్పుడు గుమ్మము బయటనున్న నాకు వినిపించినది. నెల తిరుగునప్పటికి ఆ బిడ్డ తేరుకున్నది. అంతగా చిక్కిన శిశువును ఈ రోజులలోనైతే నేను ముందు ఆసుపత్రికి పంపుదును. మీరును అట్లే చేయవలెను. కాని ఆనాటి నుండి మందు వ్రాయుటకు ముందు, బిడ్డ పాలు త్రాగు విధమును ఒక అనుభవజ్ఞురాలైన స్త్రీ చూచి చెప్పనిదే నేను ఏ చూర్ణమును ఇచ్చుట లేదు.

శాస్త్రము చెప్పిన మొదటి మందు

ఇంటికి వచ్చి గ్రంథము తెరచి చూచితిని. సుశ్రుతాచార్యుడు స్తన్యము జారుటకు కారణములుగా చెప్పినవి బిడ్డ స్పర్శ, దర్శనము, స్మరణ, ఎడతెగని వాత్సల్యము. పాలు తరిగిపోవుటకు చెప్పిన కారణములలో క్రోధము, శోకము ముందున్నవి. ఇక పాలు పెరుగుటకు చికిత్స చెప్పునప్పుడు గోధుమ, శాలిధాన్యము, వెల్లుల్లి, విదారి, శతావరి మొదలగు ద్రవ్యములను పేర్కొనుటకు ముందు ఆయన చెప్పిన మాట ఒకటున్నది. తల్లికి సౌమనస్యము కలిగింపవలెనట. అనగా మనసు తేటపడవలెను. ఆ తరువాతనే పొడులు, పానకములు. ఈ వరుస క్రమమును విద్యార్థిగా కంఠస్థము చేసితిని గాని, దాని అర్థము మంత్రసాని చెప్పిన తరువాతనే తెలిసినది.

ఆధునిక శరీరశాస్త్రము కూడ దీనినే వేరు పేర్లతో చెప్పుచున్నది. బిడ్డ చీకినప్పుడు తల్లి మెదడు క్రిందనున్న గ్రంథి నుండి రెండు స్రావములు వెలువడును. ప్రోలాక్టిన్ పాలను తయారు చేయును. ఆక్సిటోసిన్ తయారైన పాలను మొన వరకు నెట్టును. బిడ్డ ఏడుపు విన్నను, బిడ్డను తలచుకున్నను ఈ రెండవది పనిచేయును. భయము, అవమానము, నొప్పి దానిని అడ్డగించును. కనుక "నీకు పాలు లేవు" అని దినమునకు పదిమార్లు వినుచున్న తల్లికి రొమ్ములో పాలున్నను జారవు. ఆ మాట అనినవారే తరువాత "చూచితివా, లేవంటిని గదా" అందురు. రొమ్ము నిండి ఎక్కువ సేపు ఉండిపోయిన, శరీరము పాల తయారీని తగ్గించుకొనును. పూడిన చెలమ అనగా ఇదే.

తొలి గంట, ముర్రుపాలు

ప్రసవమైన గంటలోపల బిడ్డను తల్లి రొమ్మునకు చేర్చవలెను. శస్త్రచికిత్సతో కాన్పు జరిగినను, తల్లి మెలకువతో ఉన్న వెంటనే ప్రక్కకు పరుండబెట్టి చేర్చవచ్చును. మొదటి రెండు మూడు దినములు వచ్చునవి చిక్కని, పసుపు వన్నె ముర్రుపాలు. కొన్ని ఇండ్లలో వీటిని "చెడ్డపాలు" అని పిండి పారబోయుదురు. మన కురుబ సోదరులను అడిగి చూడండి. ఈనిన గొర్రె ముర్రుపాలు పిల్ల నోట పడువరకు కాపరి మంద వెంట కదలడు. అవి అందని పిల్ల బ్రతుకుట కష్టమని అతనికి తెలియును. గొర్రెపిల్లకు ఇచ్చు గౌరవము మన పసికందుకు ఇయ్యవలదా? ముర్రుపాలలో రోగనిరోధక పదార్థములు మెండుగా ఉన్నవి. పరిమాణము తక్కువ అని దిగులు వలదు. మొదటి దినమున శిశువు కడుపునకు ఒక్కొక్కసారికి ఒక చెంచాడు చాలును.

ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పవలెను. పుట్టిన బిడ్డకు తేనె, నెయ్యి నాకించుట మన గ్రంథములలో కలదు. నా గురువుగారు చేయించిరి. నేనును కొన్ని సంవత్సరములు చేయించితిని. ఇప్పుడు చేయించుట లేదు. తేనెలో ఉండు ఒక విధమైన సూక్ష్మజీవుల బీజములు ఏడాది లోపు శిశువు ప్రేగులలో మొలచి, నరములను పడవేయు విషమును పుట్టించగలవని నిరూపితమైనది. శాస్త్రము బిడ్డ మేలు కొరకే గాని, బిడ్డ శాస్త్రము కొరకు కాదు. కావున ఏడాది నిండు వరకు తేనె వలదు. పంచదార నీరు, గాడిద పాలు, ఆముదము, వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయుట, ముక్కులో చెవులలో నూనె పోయుట కూడ వలదు.

చెలమ తోడు విధానము

తల్లి వీపునకు, మోచేతికి దిండ్ల ఆధారము ఉండవలెను. తల్లి వంగి బిడ్డ దగ్గరకు పోరాదు. బిడ్డనే తల్లి దగ్గరకు తేవలెను. బిడ్డ తల, మెడ, వీపు ఒకే వరుసలో ఉండి, పొట్ట తల్లి పొట్టకు ఆనవలెను. మొనతో బిడ్డ పై పెదవిని తాకించిన, ఆవులించినట్లు నోరు తెరచును. అప్పుడు మొన మాత్రమే గాక చుట్టునున్న నల్లని వలయములో ఎక్కువ భాగము నోటిలోనికి పోవునట్లు చేర్చవలెను. గడ్డము రొమ్మునకు ఆనుట, క్రింది పెదవి వెలుపలికి విచ్చుకొనుట, బుగ్గలు లోపలికి గుంటలు పడకుండుట, గుటకలు వినిపించుట సరియైన పట్టునకు గుర్తులు. తల్లికి మొదటి క్షణములు దాటిన తరువాతను నొప్పి కలుగుచున్న, చిటికెన వ్రేలిని బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి మరల చేర్చవలెను. శస్త్రచికిత్స జరిగిన తల్లి, కుట్లపై బరువు పడకుండ, బిడ్డను చంక క్రిందుగా పట్టుకొని గాని, ప్రక్కకు పరుండి గాని ఇయ్యవచ్చును.

గడియారము చూచి ఇయ్యనక్కరలేదు. బిడ్డ చేతిని నోటిలో పెట్టుకొనుట, తల అటునిటు త్రిప్పి వెదకుట ఆకలి గుర్తులు. ఏడ్పు చివరి గుర్తు. రాత్రింబవళ్లు కలిపి 8 నుండి 12 మార్లు త్రాగుట సహజము. ఒక రొమ్ము ఖాళీ అయిన తరువాతనే రెండవది ఇయ్యవలెను. సాయంకాలములలో బిడ్డ మాటిమాటికి అడిగిన, పాలు తగ్గినవని తలంపరాదు. రేపటి కొరకు ఊటను పెంచుకొనుచున్నదని తలంపవలెను.

పాలు చాలుచున్నవా యని తెలిసికొనుటకు రొమ్ము బరువును చూడరాదు, బిడ్డను చూడవలెను. అయిదవ దినము తరువాత 24 గంటలలో ఆరు, అంతకు మించి మార్లు తడిపిన, మూత్రము లేతరంగులో ఉన్న, చాలుచున్నట్లే. మొదటి దినములలో శిశువు బరువు కొంత తగ్గుట సహజము. రెండు వారములలో పుట్టిన బరువునకు తిరిగి రావలెను. అట్లు రానిచో వైద్యునకు చూపవలెను.

పథ్యము పేరిట పస్తు వలదు

మన ఇండ్లలో బాలింతకు నీళ్లు ఇచ్చుటకు భయపడుదురు. చలువ చేయునని, పొట్ట పెరుగునని, బిడ్డకు జలుబు చేయునని దినమునకు ఒక చెంబు మాత్రమే ఇచ్చు ఇండ్లు నేను చూచితిని. చైత్ర వైశాఖములలో 40 డిగ్రీలు దాటు ఎండలో ఇది దారుణము. మూత్రములో మంట, మలబద్ధకము, తలనొప్పి, కండ్లు తిరుగుట దీని ఫలితములు. ఎక్కువ నీళ్లు త్రాగినంత మాత్రమున పాలు ఎక్కువ కావు. కాని దాహమును అణచిపెట్టిన తల్లి నీరసించును. పాలిచ్చుటకు కూర్చుండిన ప్రతిసారి ప్రక్కన ఒక గ్లాసు గోరువెచ్చని నీరు గాని, పలుచని మజ్జిగ గాని, జీలకర్ర వేసి కాచిన నీరు గాని పెట్టవలెను. ఇది ఇంటిలోని వేరొకరు చేయవలసిన పని.

తిండి విషయమునకు వత్తును. 1950లలో కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ పేద తల్లుల స్తన్యమును పరిశీలించిరి. ఆ సంస్థయే తరువాత హైదరాబాదునకు తరలివచ్చి నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది. అర్ధాకలితో ఉన్న తల్లులు సైతము నెలల తరబడి బిడ్డలకు పాలిచ్చుచున్నారని ఆయన గమనించిరి. కరవు వచ్చినను తల్లి పాలు ఎండవు. కాని ఆ పాలు ఎక్కడి నుండి వచ్చును? తల్లి ఎముకల నుండి, కండరముల నుండి, రక్తము నుండి వచ్చును. బిడ్డ లావగుచుండగా తల్లి చిక్కిపోవుట అందుకే. కావున బాలింతకు అన్నము పెట్టుట పాల కొరకు మాత్రమే కాదు, ఆమె కొరకు. మొదటి ఆరు నెలలు ఆమెకు మామూలు కంటె దినమునకు సుమారు 600 కేలరీలు అదనముగా కావలెను. అనగా ఇంచుమించు ఒక పూట భోజనము ఎక్కువ.

తెల్లని పాలిషు బియ్యపు అన్నము, మిరియాల చారు, కాల్చిన వెల్లుల్లి మాత్రమే పెట్టు కఠిన పథ్యము మరింత ప్రమాదకరము. అట్టి తల్లి పాలలో బి1 విటమిను తరిగి, శిశువు గుండె బలహీనపడు వ్యాధి రావచ్చును. ఈ చిక్కునకు మన మెట్టనేలయే విరుగుడు ఇచ్చినది. కొర్రలు, సజ్జలు, జొన్నలు, రాగులు, ఉలవలు, చెనక్కాయలు ఇచ్చట పండునవే. రాగిసంగటితో ఆకుకూర పప్పు, జొన్నరొట్టెతో ఊరుబిండి, సజ్జరొట్టెతో నెయ్యి, పెరుగు, మునగాకు, ఆనపకాయ, బీరకాయ, పండ్లు, మాంసాహారులకు గ్రుడ్డు, మాంసరసము నిస్సంకోచముగా పెట్టవచ్చును. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నము కలదు. ఆసుపత్రిలో ఇచ్చిన ఇనుము, సున్నపు మాత్రలను ప్రసవము తరువాత ఆరు నెలల వరకు మానరాదు. అంగన్‌వాడీలో బాలింతకు ఇచ్చు ఆహారము బాలింతయే తినవలెను. ఇంటిలోని పెద్దపిల్లలకు పంచిపెట్టరాదు.

వంటింటి సాయము

చరకాచార్యుడు స్తన్యజననములుగా పది వేళ్లను చెప్పెను. శాలి, షష్టిక ధాన్యముల వేళ్లు, దర్భ, కుశ, కాశ, వట్టివేరు జాతి గడ్డి మొదలగునవి అందులో కలవు. నేడు అందరి నోట నున్న శతావరి ఆ పదింటిలో లేదు. సుశ్రుతుని పట్టికలో కలదు. ఈ ద్రవ్యములు పాలను పెంచునని మన సంప్రదాయము. ఆధునికముగా జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్దివి. కావున వీటిని సాయముగా గ్రహింపవలెను గాని, బిడ్డ చీకుటకు బదులుగా గ్రహింపరాదు.

శతావరి క్షీరము: మన పల్లెలలో పిల్లిపీచర యని పిలుచు తీగ గడ్డల చూర్ణము ఒక చెంచా, పాలు ఒక గ్లాసు, నీరు ఒక గ్లాసు కలిపి, నీరు ఇగిరి పాలు మిగులు వరకు సన్నని సెగపై కాచి, వడగట్టి, బెల్లము చేర్చి ఉదయము త్రాగవలెను.

మెంతి గంజి: ఒక చెంచా మెంతులను రాత్రి నానబెట్టి, ఉదయము రెండు గుప్పిళ్ల కొర్రబియ్యముతో మెత్తగా ఉడికించి, బెల్లము గాని, ఉప్పు, నెయ్యి గాని చేర్చి తినవలెను. మధుమేహమునకు మందులు వాడువారు, థైరాయిడ్ వ్యాధి గలవారు వైద్యుని అడుగనిదే మెంతులు ఎక్కువగా వాడరాదు. బిడ్డకు కడుపుబ్బరము కనిపించిన మానవలెను.

నువ్వుల ఉండ: దోరగా వేయించిన నువ్వులు, చెనక్కాయ పప్పులు, బెల్లము సమభాగములుగా దంచి, నిమ్మకాయంత ఉండలు చేసి దినమునకు రెండు తినవలెను. రాత్రి పాలిచ్చుటకు లేచినప్పుడు ఆకలి వేయు తల్లికి ఇది మంచి చిరుతిండి.

వెల్లుల్లి: నాలుగైదు రెబ్బలను నేతిలో వేయించి అన్నము మొదటి ముద్దతో తినవలెను.

శొంఠి, పిప్పలి చేరిన కాయము ఉసిరికాయంత చాలును. అధికమైన కడుపులో మంట పుట్టించును. పాదరసము, సీసము మొదలగు లోహముల భస్మములు చేరిన మందులను, పేరు ఊరు లేని పొట్లములను పాలిచ్చు తల్లికి ఎన్నడును ఇయ్యరాదు.

పాలు కట్టినప్పుడు, మొన పగిలినప్పుడు

మూడవ, నాలుగవ దినమున రొమ్ములు గట్టిపడి నొప్పి పుట్టును. ఆ సమయమున తోడుట మానరాదు. ముందు చేతితో కొద్దిగా పిండి వలయమును మెత్తపరచి బిడ్డను చేర్చవలెను. పాలిచ్చిన తరువాత చల్లని తడిబట్ట వేయవలెను. బలముగా పిసుకుట, కాగిన ఇటుకతో కాపడము పెట్టుట వలదు.

రొమ్మునకు మల్లెపూలు కట్టుట మనవారికి తెలిసిన చిట్కా. అది ఎందుకు పుట్టినదో మరువరాదు. బిడ్డను పోగొట్టుకొనిన తల్లికి పాలు ఇంకిపోవుటకు కట్టెడివారు. మల్లెలు నిజముగానే పాలను తగ్గించునని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు 1988లో ప్రచురించిరి. పాలిచ్చు తల్లికి, ఒకరోజు సలపరము తగ్గునని మల్లెలు కట్టి, తరువాత లేహ్యము కొరకు నా వద్దకు వచ్చినవారున్నారు. తలలో పెట్టుకొనిన దోషము లేదు, రొమ్మునకు కట్టరాదు.

మొన పగిలిన, మూలకారణము పట్టు సరిగా లేకుండుటయే. దానిని సరిదిద్ది, చివరి పాలచుక్కలనే మొనకు రాసి గాలికి ఆరనీయవలెను. శతధౌత ఘృతమును పలుచగా రాయవచ్చును. మరల పాలిచ్చుటకు ముందు మెత్తని తడిబట్టతో తుడువవలెను. సబ్బుతో కడుగరాదు.

ఎండలు, బోరు నీరు, పాలసీసా

"ఇంత ఎండలో బిడ్డకు దాహము వేయదా?" యని అమ్మమ్మలు అడుగుదురు. వేయును. తల్లి పాలలో నూటికి 87 పాళ్లకు పైగా నీరే. ఆరు నెలలు నిండు వరకు, ఎంత వేసవియైనను, చుక్క నీరు అక్కరలేదు. అదనముగా రెండుమార్లు పాలిచ్చిన చాలును.

మన సీమలో మరియొక చిక్కు కలదు. చాల ఊళ్ల బోరు నీటిలో ఫ్లోరైడు అధికము. 1990లలో శ్రీ సత్యసాయి త్రాగునీటి పథకము వందల గ్రామములకు నీరందించుటకు ముందు, పచ్చబడిన పండ్లు, వంగిన కాళ్లు గల పిల్లలను చాలమందిని చూచితిని. అట్టి నీటితో డబ్బాపాలు కలిపిన, ఆ ఫ్లోరైడు అంతయు శిశువు కడుపులోనికి పోవును. నీటిని కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి మరింత చిక్కబడును. తల్లి అదే నీరు త్రాగినను, ఆమె పాలలోనికి చేరునది అత్యల్పము. ఈ వడపోత పనిని తల్లి శరీరము తానై చేయుచున్నది.

పసిపిల్లల డబ్బాపాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇచ్చుటను 1992 నాటి కేంద్ర చట్టము నిషేధించినది. అయినను మొదటి డబ్బా ఇంటికి వచ్చునది తరచుగా ఒక పెద్దవారి భయము వలననే. సీసా ఒకటి అలవాటైన బిడ్డ చీకుట తగ్గించును. తోడుట తగ్గిన ఊట తగ్గును. మరల సీసా పెరుగును.

అయినను నిజముగా పాలు చాలని తల్లులు కొద్దిమంది ఉన్నారు. కొన్ని వ్యాధుల వలన, కొన్ని మందుల వలన ఇయ్యకూడనివారును ఉన్నారు. వారిది నేరము కాదు. శిశువైద్యుని సలహాతో, సురక్షితమైన నీటిని కాచి, చెప్పిన కొలతలో పాలు కలిపి, సీసాతో గాక శుభ్రపరచిన ఉగ్గుగిన్నెతో పట్టవలెను. అట్టి తల్లిని ఒక్క మాట అనరాదు.

పనికి పోవు తల్లులు

2017 నుండి ఉద్యోగినులకు, మొదటి ఇద్దరు బిడ్డల వరకు, 26 వారముల ప్రసూతి సెలవు చట్టబద్ధమైనది. తిరిగి విధులలో చేరుటకు రెండు వారముల ముందే చేతితో పాలు పిండుట అభ్యాసము చేయవలెను. పిండిన పాలను మన వేసవి గదిలో రెండు గంటలకు మించి ఉంచరాదు. ఫ్రిజ్‌లో ఒక దినము ఉంచవచ్చును. వాడునప్పుడు పొయ్యిమీద కాచక, వేడినీటి గిన్నెలో నిలిపి గోరువెచ్చన చేయవలెను.

ఇంకొక మాట. ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలము బండ్లపల్లిలోనే దేశమునకంతకు ప్రారంభమైనది. పని జరుగు చోట ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురుండిన, వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని నియమింపవలెనని ఆ చట్టములో వ్రాసిరి. మట్టి త్రవ్వు తల్లి విషయములో చట్టమునకు కలిగిన తలంపు, మన ఇంట అంట్లు తోము తల్లి విషయములో మనకు కలుగవలదా? ఆమెకును ఇంట చంటిబిడ్డ ఉండవచ్చును. నడుమ ఒక గంట ఇంటికి పంపుట, లేదా బిడ్డను వెంట తెచ్చుకొనుమనుట మనకు భారము కాదు.

వెంటనే వైద్యుని చూడవలసినప్పుడు

బిడ్డ పాలు త్రాగకుండ మగతగా నున్న, దినమునకు ఆరు మార్ల కంటె తక్కువ తడిపిన, నాలుక ఎండిన, ఒడలు వెచ్చబడిన లేక చల్లబడిన, పసుపు రంగు అరచేతులు, అరికాళ్ల వరకు వ్యాపించిన ఆలస్యము చేయరాదు. తల్లికి రొమ్ముపై ఎఱ్ఱని మచ్చ, జ్వరము, చలి కలిగిన ఆధునిక వైద్యుని వద్ద మందు తీసికొనవలెను. పాలిచ్చుట మాత్రము సాధారణముగా మానవలసిన పని లేదు. అధిక రక్తస్రావము, దుర్వాసన, కాలి వాపు నొప్పి కూడ ప్రమాద సూచికలే. బాలింత కారణము లేక ఏడ్చుట, నిద్రపట్టకుండుట, బిడ్డపై మనసు పోకుండుట రెండు వారములు దాటిన, దానిని దయ్యమనియు, సోమరితనమనియు అనక వైద్యునకు చూపవలెను.

ఆరవ నెల నిండిన తరువాత అన్నప్రాశనము. సుశ్రుతుడును ఆరవ నెలనే చెప్పెను. నేటి ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఆరు నెలల వరకు తల్లి పాలే చాలునని చెప్పుచున్నది. అప్పటి నుండి మెత్తని అన్నము, పప్పు, రాగిజావ మొదలుపెట్టి, తల్లి పాలను రెండేండ్లు, ఆపైన తల్లీబిడ్డల ఇష్టమున్నంత కాలము కొనసాగింపవచ్చును.

ఇంటి పెద్దలకు నా విన్నపము ఒక్కటే. "పాలు పడినవా?" అని అడుగుటకు ముందు, "అమ్మా, నీవు తిన్నావా? కాస్త నిద్రపోతివా?" అని అడుగండి. బిడ్డ త్రాగిన తరువాత ఒక గంట మీరు ఎత్తుకొని, ఆమెను పరుండనీయండి. బట్టలు మీరు ఉతుకండి. చుట్టములను గది బయటనే నిలుపండి. నా వద్ద నున్న లేహ్యములలో దీనికి సాటివచ్చునది లేదు.

నాకు బుద్ధి చెప్పిన ఆ మంత్రసాని ఇప్పుడు లేదు. ఆమె పోసిన ప్రాణము ఉన్నది. ఆనాడు చిక్కిన ఆ బిడ్డ పెరిగి పెద్దదై, కొన్ని ఏండ్ల క్రిందట తన బిడ్డను ఎత్తుకొని మా ఇంటికి వచ్చినది. లేహ్యము అడుగలేదు. అరుగు మీద కూర్చుండి, కొంగు కప్పుకొని, బిడ్డకు పాలిచ్చుచు, త్రాగుటకు ఒక చెంబు నీళ్లు మాత్రము అడిగినది.